మాట తప్పు, సంగతి నిజం

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను షాపులో ఒక రైతు బోరు మోటారు విప్పుతున్నాను. కాలిపోయిన మోటారు వాసన ఒకసారి ముక్కుకెక్కితే రెండు రోజులు దిగదు.

"పెద్దమ్మ పోయింది రా. పొద్దుగాల చాయ్ పెట్టుకుందామని లేసి, గట్లనే గోడకు ఒరిగి కూసున్నదట," అంది అమ్మ.

నాకు ముందుగా ఏడుపు రాలేదు. ఈ రోజు మంగళవారం కదా, మొదటి శనివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి కదా, అప్పుడే ఎట్లా పోతుంది అనిపించింది. ఆ తర్వాత కోపం వచ్చింది. మేమిద్దరం కొట్లాటలో ఉన్నాం. కొట్లాటను సగంలో వదిలేసి లేచిపోవడం ఆమె పద్ధతి కాదు.

మొదటి శనివారం అంటే ఏమిటో చెప్పకపోతే ఆమె గురించి మీకు ఏమీ చెప్పనట్టే.

మాది రామన్నపేటలో ఒక ఇరుకు గల్లీ. ఆమెది మా ఎదురిల్లు. మాకు చుట్టం కాదు, అయినా నాకు మాటలు వచ్చినప్పటి నుంచి పెద్దమ్మే. దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసింది. వార్డు ఈ కొసన నిలబడి ఆ కొసన ఉన్న పేషెంటుతో మాత్ర వేయించిన గొంతు ఆమెది. రిటైరైనా గొంతు రిటైరు కాలేదు. నల్లా దగ్గర బిందె ముందుకు జరిపినవాళ్లతో, మోరీలో అన్నం పారబోసినవాళ్లతో, మధ్యాహ్నం పూట టీవీ మోత పెంచినవాళ్లతో కొట్లాడేది. గల్లీలో క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. క్రైస్తవులంటే మెత్తగా మాట్లాడతారని నేను ఎక్కడో చదివాను. రాసినాయన మా గల్లీకి రాలేదు.

వాళ్ల చర్చిలో నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ప్రభువును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఆ బల్ల దగ్గరికి పోయే ముందు ఎవరితోనైనా తగువుంటే వాళ్లతో సమాధానపడి రావాలని వాళ్ల నియమం. చాలామంది ఆ పనిని కళ్లు మూసుకుని మనసులోనే చేసేసుకుంటారట. పెద్దమ్మకు మనసులో చేయడం రాదు. ఏది చేసినా చేతులతో చేయాలి. అందుకని మొదటి ఆదివారానికి ముందు రోజు, శనివారం సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగించేది. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం కలిపి తపాల అడుగున మందంగా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె పోసి తపాలచెక్కలు కాల్చేది. ఆ నెలలో ఎన్ని ఇళ్లతో కొట్లాడితే అన్ని చెక్కలు.

గిన్నెలో చెక్క పెట్టుకుని వాకిట్లోకి వచ్చి నిలబడేది. మెత్తబడేది కాదు, తల దించేది కాదు.

"నేను అన్న మాట తప్పు. మాఫ్ చెయ్యి. సంగతి మాత్రం నిజమే. గిన్నె కడిగి పంపు."

అంతే. ఎవరి వాకిట్లోనైనా అవే నాలుగు ముక్కలు.

గల్లీ చివర రిటైరైన లెక్కల సారు ఉంటాడు. ఆయనకు ఆ చెక్కలంటే ప్రాణం. కానీ ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఎవరితోనూ తగువు పెట్టుకోడు, కాబట్టి చెక్క రాదు. ఒక నెల తట్టుకోలేక గురువారం పొద్దున తన వాకిలి ఊడ్చి ఆ చెత్తంతా తెచ్చి పెద్దమ్మ ఇంటి ముందు పోశాడు. పోసి, పారిపోకుండా అక్కడే నిలబడ్డాడు, తిడుతుందని.

పెద్దమ్మ చెత్తను చూసింది, సారును చూసింది. "సారూ, గిది కోపం గాదు, ఆకలి. కొట్లాడకున్నా ఇస్త గని, జర గా చెత్త ఎత్తుకపో."

సారు ఎత్తుకుపోయాడు. శనివారం ఆయనకు చెక్క వచ్చింది, కానీ అందులో పల్లీలు లేవు. మరుసటి నెల సారే పావుకిలో పల్లీలు తెచ్చి ఆమె గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక మాట రాయకపోతే నాకు అన్నం అరగదు. మా గల్లీలో సగం ఇళ్లు ఆమె గిన్నెను గడప దాటనిచ్చేవి కావు. వాళ్ల పళ్లెం వాళ్లు తెచ్చి, వాకిట్లోనే చెక్కను అందులో వేయించుకునేవాళ్లు. గిన్నెకు అంటు ఉంది, చెక్కకు లేదు. ఇది ఏ లెక్కో లెక్కల సారు కూడా ఎన్నడూ విప్పి చెప్పలేదు, ఎందుకంటే ఆయన పళ్లెం కూడా బయటికే వచ్చేది. మా అమ్మ పళ్లెం కూడా. అట్లాంటి ఇళ్ల ముందు పెద్దమ్మ చివరి ముక్క మార్చి చెప్పేది: "గిన్నె కడిగే పని తప్పింది, సల్లగుండు."

"నీకేమీ అనిపించదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకనిపియ్యదు? నెల పొడుగూ అనుకుంట. శనివారం దాకా అనుకుంట," అంది.

ఇప్పుడు నా సంగతి. నేను మోటార్లకు, ఫ్యాన్లకు రాగి తీగ చుడతాను. ఎవరూ నేర్పలేదు. కాలిన మోటార్లు విప్పి, చుట్లు లెక్కపెట్టి, నాలుగు మోటార్లు నేనే కాల్చి నేర్చుకున్నాను. కష్టపడి నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. పనిలో తప్పు పడితే తల్లినైనా కరుస్తాడు.

మూడేళ్ల కింద ఎండాకాలం మొదట్లో పెద్దమ్మ సీలింగు ఫ్యాను కాలిపోయింది. విప్పి, కొత్త తీగ చుట్టి, షాపులో బల్ల మీద పెట్టి తిప్పి చూశాను. బాగా తిరిగింది. ఆమె ఇంట్లో బిగించి, స్విచ్ వేసి, పని మీద పోయాను. మరునాడు పొద్దున నల్లా దగ్గర గల్లీ అంతా బిందెలతో వరుసగా ఉంది. నేను వేపపుల్ల నోట్లో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. మా అమ్మ గర్వంగా అడిగింది:

"ఏందక్కా, పోరడు చుట్టిన ఫ్యాను ఎట్లుంది?"

"మంచిగుంది. రయ్యిమని తిరుగుతాంది. గని గాలి మొత్తం పైకే పోతాంది. పైన దేవునికి ఉబ్బరిస్తాందని నీ కొడుకు ఇసురుతాండు. నాకు మాత్రం బూజు రాలుతాంది."

బిందెలన్నీ నవ్వాయి. నాకు పుల్ల గొంతులో అడ్డం పడింది.

"మా బల్ల మీద సీదాగనే తిరిగింది," అని అరిచాను.

"నీ బల్ల మీద నేను పండుకుంటనారా?"

ఆ పూటకు నా పేరు ఉల్టా ఫ్యాను అయింది. చిన్నపిల్లలు కూడా అన్నారు. జరిగిందేమిటో నాకు ఆ రాత్రికే అర్థమైంది. బల్ల మీద ఫ్యానును తిరగేసి పెట్టి చూశాను. తిరగేసి చూసినప్పుడు సీదాగా కనిపించేది పైకప్పుకు వేలాడదీస్తే ఉల్టా అవుతుంది. రెండు వైర్లు అటుదిటు మారిస్తే ఐదు నిమిషాల పని. కానీ మార్చడానికి పోతే ఒప్పుకున్నట్టు. నేను పోలేదు.

మొదటి శనివారం ఆమె గిన్నెతో మా వాకిట్లోకి వచ్చింది.

"నేను అన్న మాట తప్పు. పదిమందిల అనొద్దుండె. మాఫ్ చెయ్యి. సంగతి మాత్రం..."

"గా సంగతే తప్పని చెప్పు," అన్నాను. "నల్లా కాడ, గా పదిమందిలనే, ఫ్యాను సీదాగ తిరుగుతాందని చెప్పు. అప్పుడు మాట్లాడ్త."

ఆమె గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. "తిరుగుతలేదు కద రా."

"చెప్తే ఏం పోతది?"

"తెల్లారితే బల్ల కాడికి పోవాలె. ఇయ్యాల అబద్ధమాడుమంటవా?"

నేను తలుపు వేసుకున్నాను. మరునాడు ఆమె తెల్లచీర కట్టుకుని చర్చికి పోయింది. అందరూ లేచి బల్ల దగ్గరికి పోతుంటే తను మాత్రం చాప మీదే కూర్చుందట. ముప్పై నలభై ఏళ్లలో అట్లా కూర్చోవడం అదే మొదలట.

సోమవారం పాస్టరు గారు స్కూటరు వేసుకుని మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, మెల్లగా మొదలుపెట్టారు.

"తమ్ముడూ, ఆమె మిమ్మల్ని క్షమాపణ అడిగింది. దేవుని ఎదుట ఆమె పని పూర్తయింది. మీరు క్షమించకపోతే ఆ భారం మీది. బైబిల్లో వాక్యం తీసి చూపించాను. ఆమె వినడం లేదు."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చిండ్రు సార్?"

ఆయన నిట్టూర్చారు. "ఆమె దగ్గర నా వల్ల కాలేదు."

ఎదురింట్లో నుంచి గొంతు వచ్చింది. "అయ్యగారూ, పిలగాని మీదికి పోకుండ్రి. అడిగిన గని, నా కడుపుల కోపం పోలే. ఫ్యాన్‌ను చూసినప్పుడల్లా వస్తాంది. పండుకుంటే గదే కనవడ్తది, ఏం జెయ్యాలె? గసొంటి మనసు పెట్టుకోని రొట్టె ఎట్ల ముడుత?"

పాస్టరు గారు నా వైపు వంగి గొంతు తగ్గించారు. "తమ్ముడూ, ఆ ఫ్యాను ఒక్కసారి చూడరాదూ."

"ఫ్యాన్‌కు ఏం కాలే," అన్నాను.

రెండో నెల కూడా ఆమె గిన్నెతో వచ్చింది. నేను తలుపు వేశాను. ఆమె చాప మీదే కూర్చుంది. గల్లీ నా మీద తిరగబడింది. అందరికీ చెక్కలు పోతూనే ఉన్నాయి, కానీ వాటిలో ఏదో పోయింది. లెక్కల సారు నన్ను కిరాణా కొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"ఈసారి చెక్కల ఉప్పు లేదు రా. ఆమెకు చెయ్యి ఆడుతలేదు. ఒక్క ఫ్యాన్ కోసం గల్లీని ఉపాసముంచుతవా?"

"మీరు పళ్లెం బయటికి తేవడం మానుండ్రి, నేను తలుపు తీస్త," అన్నాను. సారు సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నేను గొప్ప మాట అన్నాననుకున్నాను. నిజానికి ఆ మాట వెనక దాక్కున్నాను.

ఎండలు ముదిరాయి. రేకులిల్లు ఆమెది. పై నుంచి రేకుల వేడి, కింద నుంచి గచ్చు వేడి, మధ్యలో ఫ్యాను కింది వేడిని పైకి, పైవేడిని గోడలకు తోస్తూ ఉంటుంది. ఒక మధ్యాహ్నం అమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి వచ్చి, నా ముందు నిలబడింది.

"చెమటల తడిసి ముద్దయింది రా. అట్టముక్కతోని ఇసురుకుంటాంది. ఇంకో మెకానిక్‌ను పిలువరాదా అక్కా అన్న. ఏమన్నదో తెల్సా?"

"ఏమన్నది?"

"'వాడు ఇప్పి చూస్తడు. చూసి బజార్ల చెప్తడు, పిలగానికి పని రాదని. మల్ల వానికి మోటర్లు ఎవలిస్తరు? నేను గల్లీల అన్న. గల్లీ మనది. బజారు గాదు,' అన్నది."

 నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసిన మనిషి, నా తప్పు పదకొండో మనిషికి తెలియకుండా రెండు నెలలు ఎండలో ఉడికింది. అది నాకు ప్రేమలాగా తగల్లేదు, చెంపదెబ్బలాగా తగిలింది. మంచితనంతో కాదు, ఆమె మీద కోపంతోనే స్క్రూడ్రైవరు తీసుకుని లేచాను.

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. నేను పలకరించలేదు. స్టూలు ఎక్కి, ఫ్యాను పైనున్న చిన్న కప్పు దించి, రెండు వైర్లు మార్చి, స్విచ్ వేశాను. ఆమె నెత్తి మీది వెంట్రుకలు ఎగిరాయి. కళ్లు మూసుకుని కాసేపు గాలికి ముఖం పెట్టింది.

"ఇగో, ఇప్పుడు నాకొస్తాంది. పాపం, పైనాయనకు బందైంది."

"పెద్దమ్మా, సంగతి నిజమే," అన్నాను.

"మరి మాట?"

"మాట తప్పు."

"ఎవలది?"

"ఇద్దరిది."

"గట్ల చెప్పు. ఊర్ల మాత్రం చెప్పకు." లేచి కుండలోంచి నీళ్లిచ్చింది. చెక్క ఏదంటే, "శనివారం దాకా ఆగు, గిదేం హోటలా?" అంది.

ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లెవరని అడిగితే ఎన్నడూ లేవని పెద్దమ్మ లేచిందట. "నా ఫ్యాను సీదా అయింది," అని చెప్పి కూర్చుందట. అదేదో లోతైన మాట అనుకుని అందరూ స్తోత్రం అన్నారట. పాస్టరు గారైతే మన బతుకుల్లో ఫ్యాను ఎటు తిరుగుతోందని అరగంట ప్రసంగం చేశారట. "నేను ఉత్త ఫ్యాను గురించే చెప్పిన," అని పెద్దమ్మ మాతో చెప్పి నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ ఎండాకాలం తర్వాత మా అమ్మ పళ్లెం బయటికి తేవడం మానేసింది. గిన్నెను లోపలికే తీసుకుంది. నేనెందుకని అడగలేదు, ఆమె చెప్పలేదు. పెద్దమ్మ పేరు చుక్కలతో కొట్టిన ఆ స్టీలు గిన్నె మా గిన్నెల మధ్యన కూర్చోవడం మొదలైంది.

పెద్దమ్మ మా గడపలో ఎన్నడూ వాక్యం చెప్పలేదు. గల్లీలో ఎవరు దవాఖానలో పడ్డా తను సంచి సర్దుకుని వెంట పోయేది. వార్డులో పక్కమంచం వాళ్లకు కూడా మూతి తుడిచి, వాళ్లతో కూడా కొట్లాడి వచ్చేది. "నన్ను మీ చర్చికి ఎందుకు పిలవవు?" అని అడిగితే, "నువ్వొస్తే ప్రతి వారం కొట్లాట. నెలకొక్కసారి చాలు నాకు," అంది. షాపులో రైతుల మీద నేను అరుస్తానని తెలిసి ఒకరోజు అన్న మాట మాత్రం నా బల్ల మీద గోడకు రాసి పెట్టుకున్నాను: "కోపమొస్తే కూసోవెట్టు, చాయ్ పొయ్యి, పంపియ్యి. రూము కిరాయికియ్యకు."

రాసి పెట్టుకున్నాను గానీ పాటించలేదు. పోవడానికి తొమ్మిది రోజుల ముందు ఆమెకు ఛాతీలో పట్టేసినట్టు ఉందని తెలిసింది. నల్లగొండ నుంచి ఆమె బిడ్డ వచ్చి ఉంది. నేను అక్క అంటాను. నేను ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టాను.

"ఎందుకు రా? గ్యాసు. ముప్పై ఏండ్లు దవాఖానల చేసిన, నాకు తెల్వదా?"

"నీకు ఫినాయిలు సంగతి తెల్సు, గుండె సంగతి తెల్వదు. ఎక్కు."

"ఎక్క."

అరిచాను. గల్లీ అంతా విన్నది. చివరికి నా నోట్లోంచి వచ్చింది: "ఎక్కకుంటే సావు పో."

"నేను సచ్చేది నీ ఆటో టైముకు గాదు," అని ఆమె లోపలికి పోయింది. తలుపు పక్కన నిలబడిన అక్క నన్ను ఒక చూపు చూసింది. ఆటో ఖాళీగా పోయింది.

సరే, మొదటి శనివారం వస్తుంది, గిన్నెతో వస్తుంది, అప్పుడు ముందు నేనే మాట్లాడి ఒప్పించి తీసుకుపోదామనుకున్నాను. తలుపు కూడా వేసుకోవద్దనుకున్నాను. ఆమె మంగళవారమే పోయింది.

శవపెట్టెను మోసినవాళ్లలో నేనున్నాను. ఇరవై ఏళ్లు పళ్లెం బయటికి తెచ్చినవాళ్లు వాకిళ్లలో నిలబడి గట్టిగానే ఏడ్చారు. నేను ఎవరినీ ఏమీ అనలేదు. శనివారం దాకా అనుకుందామనుకున్నాను. అక్క వచ్చినవాళ్లందరికీ నీళ్లిచ్చింది. నా దగ్గరికి వచ్చేసరికి చెంబు పట్టుకుని పక్కకు జరిగిపోయింది. నేను అన్న మాట ఆమె చెవిలో ఇంకా ఉంది. నా చెవిలోనూ ఉంది.

శుక్రవారం అమ్మ చెప్పింది. "బిడ్డ ఆదివారం చర్చికి పోనంటాందట. 'అమ్మను గంత మాటన్నోని మీద నాకు కోపం పోలే, బల్ల ఎట్ల ముడుత?' అన్నదట. పాస్టరు గారు చెప్పినా ఇంటలేదట."

తల్లి చాప మీదైనా కూర్చుంది, బిడ్డ చర్చికే పోనంటోంది. అదీ నా వల్లే.

శనివారం షాపు మూసి ఇంటికి వచ్చాను. అమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. పిండి కలిపాను, ఒత్తాను, వేలితో చిల్లులు పొడిచాను. నా వేలు పెద్దది, చిల్లులు గుంతలయ్యాయి. నూనె ఒకవైపే పోయింది. అడుగు మాడింది. పోయిన నెల మా ఇంట్లోనే ఉండిపోయిన పెద్దమ్మ గిన్నెలోనే పెట్టుకుని నాలుగున్నరకు బయటికి వచ్చాను. గల్లీ అంతా అరుగుల మీద కూర్చుని ఉంది. ఎందుకు కూర్చున్నారంటే ఒక్కరూ చెప్పరు. లెక్కల సారు ఒడిలో పళ్లెం లేదు. నా చేతిలో గిన్నె చూసి తల దించుకున్నాడు.

అక్క గడపలోకి వచ్చింది. నేను వాకిట్లో నిలబడ్డాను.

"నేను అన్న మాట తప్పు. మాఫ్ చెయ్యక్కా."  మిగతాది కూడా చెప్పకపోతే అది పెద్దమ్మ పద్ధతి కాదు. "దవాఖానకు పొమ్మన్న సంగతి మాత్రం నిజమే."

అక్క గిన్నె మీది తల్లి పేరు చూసింది.

"నిజమే," అంది. "నేను గూడ మొత్తుకున్న. నా మాట గూడ ఇనలే." చెయ్యి చాపి గిన్నె తీసుకుంది. "లోపలికి రా."

ఫ్యాను తిరుగుతోంది. మంచం ఖాళీగా ఉంది, దాని మీద మడిచిన తెల్లచీర ఉంది. అక్క మాడని మూల వెతికి చిన్న ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. 

"ఉప్పెక్కువైంది. పల్లీలు మాడినయ్."

"సంగతి నిజమే," అన్నాను.

ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వులో నుంచే కళ్లు కారాయి. గిన్నె మంచం మీద పెట్టి, చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, "పొద్దుగాల తొమ్మిదింటికి బండి తీస్తవా, చర్చి దాకా?" అని అడిగింది.

తీస్తానన్నాను. అంతలో కరెంటు పోయింది. మోత తగ్గింది. గిరగిరా తిరుగుతున్న ఫ్యాను నెమ్మదించి, రెక్కలు ఒక్కొక్కటే విడివిడిగా కనిపించసాగాయి. మేమిద్దరం ఏమీ అనుకోకుండానే తలలెత్తి, అది ఎటు తిరుగుతోందో పూర్తిగా ఆగేదాకా చూస్తూ నిలబడ్డాం.